పులి ఎందుకు ఆగింది

నేను పిహెచ్‌డీ చేస్తున్నది ఆటల మీద అంటే మా వాళ్ళలో ఎవరూ పూర్తిగా నమ్మలేదు. టెక్కలి దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పుకుంటూ, సెలవు దొరికినప్పుడల్లా విశాఖ వెళ్ళి గైడుగారిని కలిసి వస్తూ, ఏళ్ళ తరబడి చేసిన పని అది. సంతబొమ్మాళి అవతల సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరు ఎప్పుడు వెళ్ళినా మేనత్త ఒకటే ప్రశ్న వేసేది.

"పిల్లలాడుకునేదానికి కూడా పరీక్షలేటే? పాసైతే ఏటిత్తారు?"

పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోనిస్తారని చెప్పానొకసారి.

"అయితే మీ నాన్నకి సూదులు నువ్వే పొడిసీ. పలాస ఎల్లక్కర్నేదు" అంది.

నవ్వాను. మేనత్తతో వాదించి నెగ్గినవాళ్ళు మా ఊళ్ళో లేరు.

నిజానికి నా విషయం అంత అర్థం కానిదేమీ కాదు. ఫోన్లో మనం ఒక్కరమే చదరంగం లాంటిది ఆడుతున్నప్పుడు అవతల మనిషి ఉండడు, ప్రోగ్రాము ఉంటుంది. అది మరీ గట్టిగా ఆడితే మనం విసిగి మానేస్తాం. మరీ మెత్తగా ఆడినా మానేస్తాం. ఆడేవాళ్ళ సత్తాను ఆట మధ్యలోనే అంచనా కట్టి, దానికి తగ్గట్టు తన బలం పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోయే ప్రత్యర్థిని తయారు చేయడం నా పరిశోధన. దీని మీద చాలా దేశాల్లో పని జరుగుతోంది. ఎక్కువమంది తుపాకులు పేల్చుకునే ఆటలు తీసుకుంటారు. ఆ ఆటలు నాకు చేతకావు, మా కాలేజీ ల్యాబులో ఉన్న కంప్యూటర్లకు అసలే చేతకావు. అందుకని పులి-మేక తీసుకున్నాను.

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. త్రిభుజం ఆకారంలో గీతలు గీస్తారు. ఒకరికి మూడు పులులు, ఇంకొకరికి ఒక్కొక్కటిగా తెచ్చి పెట్టే పదిహేను మేకలు. పక్కనున్న మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకగలిగితే ఆ మేక పులిది. పులులు ఎటూ కదలకుండా చుట్టుముట్టేస్తే ఆట మేకలది. మా ఊళ్ళో వలలు బాగుచేసుకునే పాక ఉంది. దాని సిమెంటు గచ్చు మీద ఎవరో ఎప్పుడో మేకుతో ఆ గీతలు చెక్కారు. చింతపిక్కలు మేకలు, గవ్వలు పులులు. పాకలో మగవాళ్ళే ఆడతారు. ఆడవాళ్ళం తట్టలు నెత్తిన పెట్టుకుని ఆ పక్కనుంచి పోవడమే తప్ప ఒక్కనాడూ అక్కడ కూర్చున్నది లేదు. నేను ఈ ఆట నేర్చుకున్నది కాలేజీ హాస్టల్లో, అదీ ఒక నోటుబుక్కు వెనక అట్ట మీద.

పాకలో మా నాన్న పులులకు పేరు. వేట రోజుల్లో పడవ ఒడ్డుకు చేరి, వల ఆరేసి, ఒక చేత్తో చిరుగు కుట్టుకుంటూ రెండో చేత్తో పులుల్ని కదిపేవాడట. కిడ్నీలు పాడయ్యాక వేట ఆగిపోయింది. వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్. మా వైపు ఈ జబ్బు గురించి ఎవరూ ఆశ్చర్యపోరు. ఎదురైనవాళ్ళు "ఎలాగొచ్చింది" అని అడగరు. "నీవి ఏ రోజులు?" అని మాత్రం అడుగుతారు. నాన్నవి సోమ, బుధ, శుక్ర.

పరిశోధనలో మొదటి అంకం మా కాలేజీ పిల్లలతో గడిచింది. నా ప్రోగ్రాము మేకల వైపు ఆడేది, పిల్లలు పులుల వైపు. వాళ్ళ సత్తా కొలవడానికి అది రెండు చూసేది. వేసిన ఎత్తు ఎంత మంచిది, ఆ ఎత్తు వేయడానికి ఎంతసేపు పట్టింది. ఎక్కువసేపు పట్టిందంటే ఆడేవాడు తికమకపడుతున్నట్టు లెక్క. అప్పుడు ప్రోగ్రాము కాస్త జోరు తగ్గించేది. పిల్లల దగ్గర ఇది చక్కగా కుదిరింది. గైడుగారు సంతోషించి, "బాగానే ఉందమ్మా, కానీ వీళ్ళంతా నిన్నమొన్న నేర్చుకున్నవాళ్ళు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆడినవాళ్ళతో చూడు" అన్నారు.

అలాంటివాళ్ళను వెతుక్కుంటూ ఎక్కడికో పోనక్కర్లేదు. మా పాకలోనే ఉన్నారు.

టాబ్లెట్టులో నా ప్రోగ్రాముతో ఆడటానికి పాకలో వాళ్ళు కొందరు ఒప్పుకున్నారు. నాన్న అందరికన్నా ముందు ఒప్పుకున్నాడు. "నాలుగ్గంటలు పైకప్పు సూసుకోని పడుకునీకన్నా నయ్యం గదా" అన్నాడు. యూనివర్సిటీ నియమం ప్రకారం అంగీకార పత్రం ఒకటి నింపాలి. పేరు, వయసు, చదువు, ఆరోగ్యం. ఆరోగ్యం దగ్గర కలం ఆగింది. "రాయి, దాసీదేటుంది, ఊరంతటికీ తెలుసు" అన్నాడు నాన్న. రాశాను. కింద సంతకం పెట్టాడు. ఆ కాగితం నా బీరువాలోకి వెళ్ళింది, ప్రోగ్రాములోకి వెళ్ళలేదు. ఆ తేడా ఆయనకు చెప్పాలని నాకు తట్టలేదు.

డయాలసిస్ గదిలోకి తోడొచ్చినవాళ్ళను రానివ్వరు. ఎడమ చేతికి సూదులు గుచ్చి ఉంటాయి కాబట్టి దాన్ని కదపకూడదు. టాబ్లెట్టును పొట్ట మీద దిండుకు ఆనించుకుని, నాన్న కుడి చేత్తో ఆడేవాడు. బయట బెంచీ మీద అమ్మ కూర్చునేది. ఆయన ఆడిన ప్రతి ఎత్తూ, దానికి పట్టిన సమయంతో సహా, ఇక్కడ టెక్కలిలో నా ల్యాప్‌టాప్‌కి చేరేది.

కొన్ని వారాలయ్యాక చూస్తే ఒక విచిత్రం కనబడింది. నాన్న దాదాపు అన్ని ఆటలూ గెలుస్తున్నాడు. గెలిచేవాడి ముందు ప్రోగ్రాము బలం పెంచుకోవాలి. ఇది మాత్రం తగ్గించుకుంటూ పోతోంది. ఎందుకా అని తవ్వితే సమయం దగ్గర తేలింది. మామూలు ఎత్తులు నాన్న చకచకా వేస్తున్నాడు. మేకను కొట్టే ఎత్తు వచ్చేసరికి మాత్రం చాలాసేపు ఆగుతున్నాడు. చిన్న పిల్లవాడికి కూడా కనబడే దెబ్బ దగ్గర ఆగుతున్నాడు. పాకలో మిగతావాళ్ళదీ అదే వరస.

నేనేం చేశానో చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. నా దగ్గర వివరణ సిద్ధంగా ఉంది. పెద్ద వయసు, కొత్త పరికరం, మా నాన్న విషయంలో ఒంట్లో పేరుకుపోయే మలినాలు. "వయసు పైబడిన ఆటగాళ్ళకు దెబ్బ తీసే ఎత్తుల దగ్గర సందేహం ఎక్కువ" అని నా థీసిస్ చిత్తుప్రతిలో ఒక వాక్యం రాసుకున్నాను. గైడుగారు దాని పక్కన టిక్కు పెట్టి, "ఇంటరెస్టింగ్" అని రాశారు. రెండు రోజులు ఆ మాట తలుచుకుని మురిసిపోయాను.

ఆ వారమే అమ్మ ఫోన్ చేసింది. నాన్న డయాలసిస్‌కి ఆటో ఎక్కనంటున్నాడు. ఒంట్లో బాగాలేదేమో అనుకుని ఆ బుధవారానికి ఊరుకుంది. శుక్రవారం కూడా ఎక్కలేదు. కారణం అడిగితే గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు.

డయాలసిస్ ఒకసారి తప్పితేనే మనిషి ఉబ్బుతాడు. రెండోసారీ తప్పితే నీరు ఊపిరితిత్తుల దాకా వస్తుంది. మా వీధిలో అలా పోయినవాళ్ళను చూశాను. శనివారం కాలేజీకి సెలవు పెట్టి మొదటి బస్సుకే వెళ్ళాను. దారి పొడవునా నాకు భయమే తప్ప ఇంకో ఆలోచన లేదు.

నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పాదాలు బాగా ఉబ్బాయి. ముఖం కూడా. పక్కన కూర్చోగానే అడిగాడు.

"డాక్టరు నీకేటి సెప్పేడు?"

"ఏమీ చెప్పలేదు నాన్నా. ఎప్పటి మందులే వాడమన్నాడు."

"మరి దానికేటి సెప్పేవు?"

గడప పక్క గూట్లో, తువాల్లో చుట్టి పెట్టిన టాబ్లెట్టును చూపించాడు.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు.

"మొదట్లో బాగానే ఆడీది. ఇప్పుడు మేకల్ని తెచ్చి నా ముందరే ఎడతంది. కొట్టుకో అన్నట్టు. పాకలో మేమెప్పుడు అలాగ ఎడతామో తెలుసా నీకు? మా పడవలోనే ఒకడికి డాక్టర్లు పెదవిరిసీసేరు. ఆడికి తెలీదు, మాకు తెలుసు. ఆడొచ్చి కూసుంటే నేనే ఇడిసీసేను మేకల్ని. మూడాటలు గెలిసి నవ్వుకుంటా ఎల్లేడు. నెల తిరక్కుండా పోయేడు." పాదాల వైపు చూసుకుంటూ, "నువ్వు ఆ కాయితంలో నా జబ్బు రాసేవు గదా. డాక్టరు నీకు సెప్పేడు, నువ్వు దానికి సెప్పేవు. నాకు మాత్రం సెప్పనేదు. సచ్చిపోయీవోడికి సూదులెందుకు? ఆ మంచం ఇంకోడికి పనికొత్తాది గదా" అన్నాడు.

కోపంగా అనలేదు. లెక్క తేలిపోయినట్టుగా అన్నాడు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

అలాంటిదేమీ లేదని ఎన్ని విధాల చెప్పినా నమ్మలేదు. డాక్టరుకు ఫోన్ కలిపి ఇస్తానన్నాను. "సదువుకున్నోలంతా ఒకటే" అన్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. డాక్టర్లు చెప్పినా, కూతురు చెప్పినా నమ్మడు. ఆట మాత్రం అబద్ధం చెప్పదని ఆయన నమ్మకం. అయితే ఆ ఆట ఎందుకలా ఆడిందో ఆయనకు చూపించాలి. అది నాకే సరిగ్గా తెలియదని అప్పుడు అనిపించింది. తెలుసనుకుని ఒక వాక్యం రాసిపెట్టుకున్నానంతే.

"ఒక్క ఆట నా ముందు ఆడు నాన్నా" అన్నాను.

"ముష్టి మేకలు నాకక్కర్నేదు."

"ఆడు మావా, పిల్ల అంత దూరం నుంచొచ్చింది" అంది అమ్మ.

ఆడాడు. పక్కన కూర్చుని చూస్తున్నాను. నాలుగైదు ఎత్తులు చకచకా నడిచాయి. ఒక మేక వచ్చి పులి పక్కన, అవతల ఖాళీ ఉన్నచోట నిలబడింది. నాన్న చూపుడు వేలు పైకెత్తాడు.

"సూసుకో" అన్నాడు.

వేలు గాల్లోనే ఉంది. కళ్ళు గీతల మీద లేవు. టాబ్లెట్టు పై అంచున కెమెరా కన్ను ఉండే చోట చూస్తున్నాడు. అలా చాలాసేపు ఆగి, అప్పుడు వేలు దించి మేకను కొట్టాడు.

"ఎవరితో అన్నావు?"

"దాంతోటే. సెప్పాల గదా." నాకు తెలియదని గ్రహించి వివరించాడు. పాకలో ఆడేవాళ్ళ చేతుల్లో వల ఉంటుంది, చూపు సూది మీద ఉంటుంది. అవతలివాడు వంచిన తల ఎత్తకముందే మేకను తీసేస్తే దాన్ని గెలుపనరు. సూసుకో అని చెప్పాలి. వాడు తలెత్తి గీతల వైపు చూసేదాకా ఆగాలి. చూశాక కొట్టాలి. మేక ఎలాగూ పోతుంది, కానీ పోవడం వాడు చూడాలి. "సూడకుండా తీత్తే దొంగతనం కాదేటి?"

"ఇది తలెత్తదు కదా నాన్నా?"

"ఎత్తదు. అందుకే కాసింత ఎక్కువసేపు ఆగుతన్నాను."

హాస్టల్ నోటుబుక్కులో నేర్చుకున్న ఆటలో ఈ ముక్క లేదు. పుట్టింది ఈ ఊళ్ళోనే, ఆ పాక పక్కనుంచి వేలసార్లు నడిచాను. మర్యాదకు ఆగిన మనిషిని పట్టుకుని తికమకపడుతున్నాడని రాసి, పైగా దానికి టిక్కు కొట్టించుకున్నాను.

చేతనైనంత తేలిక మాటల్లో నాన్నకు చెప్పాను. నువ్వు ఆగిన ప్రతిసారీ అది నీకు ఎత్తు తోచడం లేదనుకుంది. తోచనివాడి మీద జోరు చేయకూడదని నేనే దానికి నేర్పాను. అందుకని మెత్తబడింది. మెత్తబడి మేకల్ని దగ్గరికి తెచ్చింది. దగ్గరికి తెచ్చినకొద్దీ నువ్వు ఇంకా ఎక్కువసార్లు ఆగావు. అది ఇంకా మెత్తబడింది. నీ జబ్బు సంగతి దానికి తెలియనే తెలియదు.

నాన్న టాబ్లెట్టు వైపు ఓరగా చూశాడు.

"అంటే మర్యాదకి ఆగితే మొద్దోడననుకుందేటి?"

"అది అనుకోలేదు. నేనే అనుకున్నాను."

"నువ్వా?" అని నావైపు చూశాడు. తప్పయిపోయిందన్నాను. ఆయనతో ఆ మాట అనడం అదే మొదటిసారి.

మాటలతో నమ్మే మనిషి కాదు కాబట్టి అరుగు మీదే ల్యాప్‌టాప్ తెరిచి, సమయం లెక్క తీసేశాను. పది నిమిషాల పని. "ఇప్పుడాడు" అన్నాను. మొదటి ఆట ఓడిపోయాడు. రెండోదీ ఓడిపోయాడు. మూడో ఆటలో ఆయన పులి ఒకటి మూలకు చిక్కుకుని, ఎటూ కదలలేక ఉండిపోయింది. వాచిన వేళ్ళతో టాబ్లెట్టును దగ్గరికి లాక్కుని, ఆ మూలను కింద నుంచీ పై నుంచీ పరీక్షగా చూశాడు. అప్పుడు ఆయన ముఖంలో జీవం కనబడింది.

"దీనికి జాలి నేదు" అన్నాడు సంతృప్తిగా.

సోమవారం దాకా ఆగలేదు. ఆ మధ్యాహ్నమే ఆటో పిలిపించి పలాస తీసుకెళ్ళాం. రెండు వాయిదాలు ఎగ్గొట్టినందుకు నర్సమ్మ నాన్నను గట్టిగా చీవాట్లేసింది. తరవాత నన్ను పక్కకు పిలిచి, "మీ నాన్నగారు ఫోన్లో ఎవరినో బెదిరిస్తుంటారండీ. సూసుకో, సూసుకో అని. ఇంట్లో గొడవలేమైనా ఉన్నాయా?" అని అడిగింది. ఈ ముక్క ఆవిడ నాకు నెల ముందు చెప్పి ఉంటే ఎంత బాగుండేది. అయితే ఆ నెలలో నేను డయాలసిస్ గది గుమ్మం దాకా ఒక్కసారీ రాలేదు.

థీసిస్‌లో ఆ వాక్యం కొట్టేశాను. దాని బదులు, ఆటగాడు ఆగడానికి ఆలోచన ఒక్కటే కారణం కాదని ఒక అధ్యాయం రాశాను. వైవాలో బయటినుంచి వచ్చిన పరీక్షకుడు, "మర్యాదకు ఆగడాన్నీ, తోచక ఆగడాన్నీ మీ ప్రోగ్రాము వేరుచేయగలదా?" అని అడిగాడు. చేయలేదని చెప్పాను. పక్కన కూర్చుని చూడాలన్నాను. ఆయన నవ్వి ఏదో రాసుకున్నాడు. పట్టా వచ్చింది. నాన్న విని, "నేను ఓడిపోతే నువ్వు పాసైపోయేవు" అన్నాడు.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది.

మొన్నొక శుక్రవారం నాన్న వెంట నేనే వెళ్ళాను. డయాలసిస్ అయ్యాక డాక్టరు నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. గుండె బాగా దెబ్బతిందనీ, ఇక ఎన్నాళ్ళో చెప్పలేమనీ, అమ్మకు నెమ్మదిగా చెప్పి ఉంచమనీ అన్నాడు. బయటికొచ్చి కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాను. నాన్న బెంచీ మీద కూర్చుని ఆటో కోసం చూస్తున్నాడు. టాబ్లెట్టులో చార్జింగు అయిపోయిందట. మందుల చీటీ వెనక గీతలు గీసి ఉంచాడు. పులులకు ఖాళీ మాత్రల రేకు ముక్కలు మూడు, మేకలకు ఎవరో పడేసిన వేరుశనగ తొక్కలు.

"మేకలు నీవి" అన్నాడు.

కూర్చున్నాను. నాకు గీతలు సరిగ్గా కనబడటం లేదు. ఒక్కో తొక్కా పెడుతున్నాను. కావాలని చేయలేదు, ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను. ఐదోదో ఆరోదో మేక తీసుకెళ్ళి పులి పక్కనే, అవతల ఖాళీ ఉన్నచోట పెట్టాను.

నాన్న వేలు ఎత్తాడు.

"సూసుకో."

తలెత్తాలి. నేను ఎత్తలేదు. ఎత్తితే నా ముఖం ఆయన చూస్తాడు. ఆ తొక్కనే చూస్తూ కూర్చున్నాను. ఆయన ఆగాడు. ఆస్పత్రి గేటు దగ్గర ఆటోలు వస్తున్నాయి, పోతున్నాయి. ఆయన ఆగే ఉన్నాడు.

చివరికి వేలు దించి, నా మేకను కొట్టకుండా, దాన్ని మెల్లగా నావైపు తోశాడు.

"సరిగ్గా ఎట్టు" అన్నాడు.

ఏడుపు ఆపుకోలేకపోయాను. బెంచీ మీద అటు చివర కూర్చున్న ముసలావిడ నావైపు చూసి ముఖం తిప్పుకుంది. నాన్న నా వీపు మీద చెయ్యి వేయలేదు, ఏమని అడగలేదు. నేను ముక్కు తుడుచుకునేదాకా ఊరుకుని, మళ్ళీ అదే మాట అన్నాడు.

"నాకు తెలుసు గాని, సరిగ్గా ఎట్టు."

సరిగ్గా పెట్టాను. అరగంట పట్టింది ఆట. మూడు పులుల్నీ కట్టేశాను. ఆయన చీటీని అటూ ఇటూ తిప్పి, ఎక్కడ పొరపాటు పోయిందో చూసుకుని, తల ఊపాడు. ఆటో వచ్చింది. ఎక్కుతూ ఎక్కుతూ, "సోమారానికి దానికి చార్జింగెట్టడం మర్సిపోకు" అన్నాడు.